పెదవులు నీవి, శోకం మా అవ్వది

సిరిసిల్ల,
24 మార్చి 2025

ఏడ్చింది మా అవ్వ. పేరు వేసుకున్నది నువ్వు.

క్షేమసమాచారాలు తర్వాత. నిన్న ఆదివారం నీ కొత్త సినిమా చూశాను. మా కుట్టు షెడ్డులో నా పక్క మిషను మీద కూర్చునే శ్రీజ టికెట్లు తీసింది. "మీ పెద్దమ్మ బిడ్డనో చిన్నమ్మ బిడ్డనో హీరోయిన్ అయితే నువ్వు జూడకుంటె ఎట్లనే" అని గుంజుకపోయింది. చిన్నమ్మ బిడ్డ అని చెప్పాను. నన్ను కన్న మా అవ్వ సారక్క, మీ అమ్మ సుశీల ఒక కడుపున పుట్టినవాళ్లు. ఆ వరుసన నువ్వు నాకు అక్కవు. ఈ ఉత్తరంలో మాత్రం అక్కా అని పిలవను.

మొదటి సగం బాగానే నడిచింది. హమాలీ భార్యగా నువ్వు వాకిలి ఊడుస్తుంటే చీపురు ఎరగని చెయ్యి అని తెలిసిపోతూనే ఉంది గాని, పోనీ అనుకున్నాను. రెండో సగంలో మొగుడు చచ్చిపోయాడు. పాడె పక్కన నువ్వు కూర్చున్నావు. శోకం మొదలైంది.

"రుమాల్ల రెండు పండ్లు కట్టుకస్తివి. ఒకటి నాకు, ఒకటి బిడ్డకు. నీకేదయ్యా అంటె, నేను వాసన జూసిన తియ్యి అంటివి..."

థియేటరు మొత్తం ముక్కులు ఎగబీల్చింది. శ్రీజ నా భుజం మీద పడి ఏడ్చింది. నాకు ఒక్క చుక్క రాలేదు.

ఆ మాట మా ఇంటిది. మా బాపు దావీదు జగిత్యాల మామిడి మార్కెట్టులో హమాలీ పని చేశాడని నీకు తెలుసు. సీజనులో ఇంటికొచ్చేటప్పుడు దెబ్బతిన్న పండ్లు రెండు నెత్తి రుమాలులో కట్టుకొచ్చేవాడు. తను తినేవాడు కాదు. వాసన చూశాననే మాట మా ముగ్గురి మధ్యది, నాలుగో మనిషికి తెలియదు. పోయిన మే నెలలో లారీకి డబ్బాలు ఎత్తుతూ ఎండదెబ్బకు పడిపోయాడు. ఆయనతో పాటు ఆ మాట కూడా మట్టిలోకి పోయిందనుకున్నాను. అది తెర మీద నీ నోట్లోంచి వచ్చింది. పత్రికల్లో ఎవరో ఆ మాట రాసిన రచయితను పొగిడారు కూడా.

మాట ఒక్కటే కాదు, గొంతు. రాగం మధ్యలో ఊపిరి అందక ఆగే చోటు మా అవ్వది. ఇరవై ఏళ్లు బీడీలు చేసి తంబాకు దుమ్ము పట్టిన ఛాతీ అది. నీ ఛాతీలో ఆ గరగర ఎక్కడిది?

ఇంకో సంగతి. బాపును పూడ్చిన రోజు మా అవ్వ శోకం తీయలేదు. మా ఊరు మేడిపల్లి మొత్తం చూసింది. ఏసు మందిరానికి పోయేవాళ్లు కదా, శోకాలు పెట్టరేమో అనుకున్నారు. ఒక్క రాగం తీయకుండా మట్టి వేసి వచ్చింది. మొగుడి కోసం తీయని శోకం నీకోసం ఎప్పుడు తీసింది? పోయిన అక్టోబరులో మోకాళ్లు చూపించుకుంటానని హైదరాబాదు మీ ఇంటికి వచ్చింది. అప్పుడు ఫోనులో రికార్డు చేసుకున్నావా? ఆమెకు చెప్పే చేశావా?

అవ్వకు ఫోను చేసి అడిగాను. "గది నా గొంతు గాదు బిడ్డ. మానస మస్తు నేర్సుకున్నది" అంది. మా అవ్వకు అబద్ధమాడటం రాదు. రాని పని ఎవరో నేర్పారు.

నీకు ఫోను చేస్తే మేనేజరు చందు ఎత్తుతున్నాడు. "మేడం షూట్ల ఉన్నరు, మెసేజ్ పెట్టున్రి." పెడితే చూసినట్టు రెండు నీలి గీతలు, జవాబు లేదు. అందుకే రిజిస్టరు పోస్టు. సంతకం పెట్టి తీసుకోవాలి కాబట్టి అందలేదని అనలేవు. పుస్తకాల భాషలో ఎందుకు రాస్తున్నానని నవ్వుకోకు. పదో తరగతి తర్వాత నాకు ఎవరూ చదువు చెప్పలేదు. లైబ్రరీలో కూర్చుని నాకు నేను నేర్చుకున్న భాష ఇది. మన మాట రాస్తే దానికి ఇప్పుడు మీ దగ్గర గిరాకీ ఉంది. దాన్ని కూడా కోసుకుపోతారు.

ఆ గొంతు ఎవరిదో రాసి పంపు. ఏప్రిల్ అయిదు లోపల.

ప్రీతి

*

హైదరాబాదు,
2 ఏప్రిల్ 2025

చెల్లీ ప్రీతీ,

నీ ఉత్తరం వాచ్‌మన్ సంతకం పెట్టి తీసుకున్నాడు. రెండుసార్లు చదివాను. చిన్నప్పుడు కోరుట్లలో మా ఇంటికి వచ్చినప్పుడు కూడా నువ్వు ఇంతే, ముందు కొరికి తర్వాత ఏమైందని అడిగేదానివి. ఆ నీలి గీతలు చందువి. నా ఫోను నా చేతిలో ఉండేది తక్కువ. నిజంగా నాకు తెలియదు.

నువ్వు అడిగినదానికి జవాబు: ఆ గొంతు నాదే. పెద్దమ్మ మా దగ్గర ఉన్నప్పుడు శోకం ఎలా ఎత్తుకుంటారో, ఎక్కడ ఊపిరి తీసుకుంటారో చెప్పింది. పండ్ల సంగతి మాటల మధ్యలో వచ్చింది. నాకు నచ్చి డైరెక్టరుకు చెప్పాను. నిన్ను కూడా అడగాల్సింది. అది నా పొరపాటే. కానీ నటన అంటే గమనించడం ప్రీతీ. దాన్ని దొంగతనం అంటే మేమెవరమూ బతకలేం.

నీకు తెలియని సంగతి ఒకటి చెప్తాను. ఆరేళ్లకు 'పుట్నాలు' అనే పిల్ల వేషం వేశాను. మూతి విరిచి "నాన్నా, నా పుట్నాలేవి?" అన్నాను. అంతే, పద్దెనిమిదేళ్లుగా నేను అక్కడే ఉన్నాను. పద్నాలుగేళ్లకు కాళ్లూ చేతులూ సాగి, గొంతు మారి పని లేకుండా పోయింది. ఒక నిర్మాత నా ఫోటోలు చూసి "పుట్నాలు ఇంత పొడుగైందా" అని నవ్వి ఆల్బం మూసేశాడు. తర్వాత హీరోయిన్ స్నేహితురాలు, హీరో చెల్లెలు, పెళ్లిపాటలో నాలుగో అమ్మాయి. బ్యాంకుకు పోయినా, పెట్రోలు బంకుకు పోయినా బుగ్గ గిల్లి "ఒక్కసారి అనవా" అంటారు. ఇరవై నాలుగేళ్ల మనిషిని మూతి విరిచి అంటాను. అనకపోతే పొగరు అంటారు.

ఈ సినిమాతో మొదటిసారి నా పేరు మానస అని రాశారు. ఒక పత్రికలో "బాలనటి పోయింది, నటి వచ్చింది" అన్నారు. అది కత్తిరించి అద్దానికి అంటించుకున్నాను. అదంతా ఆ ఒక్క సన్నివేశం వల్లే. దాని మీదే ఇంకో రెండు సినిమాలకు పిలిచారు. అందుకే అడుగుతున్నాను, ఈ గొంతు మాట బయట ఎక్కడా అనకు.

ఈ నెల 27 ఆదివారం కోరుట్లలో మా ఊరివాళ్లు సన్మానం పెట్టారు. పెద్దమ్మను తీసుకొని రా, ముందు వరుసలో కూర్చోబెడతాను. పెద్దమ్మకు పట్టుచీర, నీకు డ్రెస్సు కొరియరులో పంపాను. కట్టుకొని రమ్మను.

ప్రేమతో,
మానస

*

సిరిసిల్ల,
7 ఏప్రిల్ 2025

చీర వాపసు పంపాను. నా డ్రెస్సు కూడా. విప్పలేదు.

నిన్న మేడిపల్లి పోయాను. బస్సు దిగగానే కిరాయి కారు నడిపే యోహాను ఎదురొచ్చాడు. "ఏందే ప్రీతి, మీ అవ్వకు సినిమాల చాన్స్ దొరికిందట గద. ముస్తాబాద్ల షూటింగ్ కాడ నేనే దించిన, మల్ల నేనే తీస్కచ్చిన. నాకు గూడ చిన్న ఏషం ఇప్పియ్యమని చెప్పున్రి" అని పళ్లు ఇకిలించాడు.

ఇంటికి పోయేసరికి అవ్వ అరుగు మీద బీడీలు చేస్తోంది. "అవ్వా, మోకాళ్ల దవాఖాన ముస్తాబాద్ల ఎప్పుడు వెట్టిండ్రే?" అని అడిగాను. చాట పక్కకు జరిపి "బువ్వ తిన్నవా" అంది. వదల్లేదు. చివరికి "ఒట్టు ఉన్నది బిడ్డ. మానసనే అడుగు. ఒట్టు దీసేదాక నా నోట రాదు" అంది.

అంటే ఆమె హైదరాబాదు రాలేదు. మీ ఇంట్లో కూర్చుని నీకు ముచ్చట చెప్పలేదు. షూటింగు కాడికి పోయింది. ఆమె చేత ఏడిపించుకుని, గొంతు తీసుకుని, పైగా నోరు విప్పనని ఒట్టు పెట్టించుకుని పంపావు. పట్టుచీర ఆ ఒట్టుకు కూలి కాబోలు.

నటన అంటే గమనించడం అన్నావు. మేమూ గమనిస్తాం. స్కూలు అంగీలకు కాలరు ఎక్కించడం నాకు శ్రీజ మిషను చూసే వచ్చింది. కానీ శ్రీజ కుట్టిన అంగీని నేను నా కూలి లెక్కలో వేసుకోను. వేసుకుంటే మా షెడ్డులో జుట్టు పట్టుకుంటారు. మీ దగ్గర శాలువా కప్పుతారు.

ఆరేళ్ల పిల్లగా ఉన్నప్పుడు నువ్వు తెర మీద ఏడిస్తే కోరుట్ల అంతా ఏడ్చిందని చిన్నమ్మ ఇప్పటికీ చెప్తుంది. ఏడుపే నీ బతుకుదెరువు. అదీ ఇప్పుడు నీకు సొంతంగా రాక, బీడీలు చేసుకునే ముసలిదాని దగ్గరినుంచి ఎత్తుకొచ్చావు. నీ అద్దం మీది కాగితం చించేయ్. నటి రాలేదు. మా అవ్వ వచ్చింది.

కోరుట్ల స్టేజీ మీద మైకులో చెప్పు, ఆ గొంతు నాది కాదు, మా పెద్దమ్మ సారక్కది అని. చెప్తావో లేదో పదిహేను తారీఖు లోపల రాయి. రాయకపోతే ముందు వరుసలో కూర్చుని నేనే అడుగుతాను.

ప్రీతి

*

హైదరాబాదు,
12 ఏప్రిల్ 2025

ప్రీతీ,

ఆ గొంతు పెద్దమ్మదే. నీకు అబద్ధం రాశాను. కానీ నువ్వు ఊహించుకున్నది కూడా నిజం కాదు. మొత్తం చదివి తిట్టు.

పుట్నాలు సినిమాలో ఏడ్చే సన్నివేశం రోజు నాకు ఏడుపు రాలేదు. ఆరేళ్ల పిల్లను, చుట్టూ లైట్లు, నవ్వు వస్తోంది. అప్పుడు ఒకాయన నా దగ్గర కూర్చుని "మీ అమ్మ బస్సు కింద పడింది" అన్నాడు. ఏడ్చాను. షాటు ఓకే అన్నారు. కెమెరా పక్కనుంచి మా అమ్మ బిస్కట్ పాకెట్ పట్టుకొని నవ్వుకుంటూ వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మకు ముందే తెలుసు. అప్పటినుంచి కెమెరా ముందు కన్నీళ్లు రాబోతుంటే నా కళ్లు వాటంతట అవే పక్కకు పోతాయి, అమ్మ ఎక్కడ నిలబడిందో అని.

ముస్తాబాద్ దగ్గర ఆ సన్నివేశం తీస్తుంటే అదే జరిగింది. ఎన్నిసార్లు తీసినా మూతి విరవడం, పక్కకు చూడడం. డైరెక్టరు అందరి ముందు "ఏడుస్తున్నది పుట్నాలు. నాకు ఆ పిల్ల వద్దు. మానస ఉంటే పిలవండి" అన్నాడు. మూడో రోజుకు నన్ను తీసేస్తారనే మాట వచ్చింది.

పెద్దమ్మను పిలిపించింది నేనే, ఒప్పుకుంటాను. చీర ఎలా దోపుకోవాలో, బీడీల చాట ఒళ్లో ఎలా పెట్టుకోవాలో చూపించడానికి. ఏడిపించడానికి కాదు. నీకు చెప్తే పంపవని మోకాళ్ల మాట చెప్పింది. ఆ రోజు పక్కన కూర్చుని చూస్తోంది. పాడె మీద జలపతి అని ముస్తాబాద్ మనిషిని పడుకోబెట్టారు. రోజు కూలికి వచ్చాడు. హమాలీ కదా అని నెత్తికి రుమాలు చుట్టారు. పాదాలు బయటికి ఉన్నాయి. పగిలిన మడమలు.

పెద్దమ్మ ఆ పాదాలనే చూసింది. లేచి నేరుగా వచ్చింది. డైరెక్టరు పంపించాడేమో అనుకుని ఎవరూ ఆపలేదు. కూర్చుని రెండు చేతులతో ఆ పాదాలు పట్టుకుని శోకం ఎత్తుకుంది. "ఊరందరి బరువులు మోస్తివి, నీ నెత్తిన చల్లనీళ్లు వోసెటోల్లు లేకపాయె కదయ్యా..."

శోకం ఒక్కరే తీయరు కదా. ఇంకో ఆడమనిషి మెడ పట్టుకోవాలి, వంత కలపాలి. అక్కడ ఎవరున్నారు. నేను పోయి పట్టుకున్నాను. మనిషి బరువంతా నా మీద వేసింది. కెమెరా తిరుగుతూనే ఉంది. అది ఎటువైపు ఉందో ఆ క్షణంలో కూడా నాకు తెలుసు. ఆ బుద్ధి నన్ను వదలదు, దానికి నన్ను అసహ్యించుకో, నేను కూడా అసహ్యించుకుంటున్నాను.

ఎంతసేపు ఏడ్చిందో తెలియదు. ఆగాక జలపతి కళ్లు తుడుచుకుంటూ లేచి కూర్చుని దండం పెట్టాడు. పెద్దమ్మ అతని గడ్డం పట్టుకుని "నువ్వన్న లేసినవ్ కొడుకా" అంది. కెమెరా తిప్పే ఆయన పక్కకు పోయి నిలబడ్డాడు.

ఆ తర్వాత కొన్ని చోట్ల నా పెదవులు కదిలించి, కొన్ని చోట్ల వెనకనుంచి నన్ను తీసి, ఆ గొంతు పెట్టుకుంటామన్నారు. నేను వద్దనాల్సింది. అనలేదు. పెద్దమ్మను అడిగాను. "వాడుకో బిడ్డ, నీకు అక్కరకస్తె మంచిదే. గాని నాదని ప్రీతికి చెప్పకు, నేను గూడ చెప్ప. నా మీద ఒట్టు" అంది. ఒట్టు పెట్టించుకున్నది ఆమె. పెట్టింది నేను. నువ్వు తలకిందులు చేశావు.

ఎందుకు చెప్పొద్దు అని అడిగాను. ఏమందో రాస్తున్నాను. "గా దినం మీ పెదబాపు కాడ నేను నోరు తెరువంగనే నా బిడ్డ చెయ్యి అడ్డం వెట్టింది. సదువుకున్నది గద, నా ఏడుపు దానికి నామోషి అయింది. ఇగ సినిమాల ఏడ్సిన్నంటె తల ఎత్తుకోదు."

ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను, చూశాను ప్రీతీ. పెద్దమ్మ నోరు మూసింది మందిరం కాదు. నువ్వు. మొగుడి శవం ముందు తీయనియ్యని శోకాన్ని ఆమె తెలియని ఊరిలో, తెలియని మనిషి కాళ్లు పట్టుకుని తీసుకుంది. నేను ఎత్తుకొచ్చాను సరే. దానికి ఇంట్లో చోటు లేకుండా చేసింది ఎవరు?

స్టేజీ మీద చెప్పమంటున్నావు. చెప్పిన మరుక్షణం నేను మళ్లీ పుట్నాలునే. ఏడవడం రాక అరువు తెచ్చుకుందట అని నవ్వుతారు. ఆ రెండు సినిమాలు పోతాయి. మే నెల మధ్యలో ఈ సినిమా ఓటీటీలో ఫోన్లలోకి వస్తుంది, ఇంకా ఎక్కువమంది చూస్తారు. అప్పటిదాకానైనా ఊరుకో. నన్ను మళ్లీ ఆ పిల్లను చెయ్యకు.

మానస

*

మేడిపల్లి,
18 ఏప్రిల్ 2025, గుడ్ ఫ్రైడే

అవును, మూశాను. ఎందుకు మూశానో నువ్వు చూడలేదు. నువ్వు ఫోన్ల వైపు చూస్తున్నావు.

ఆ రోజు ఏం జరిగిందో నీకు గుర్తు లేకపోతే చెప్తాను. బాపు శవపెట్టె వాకిట్లో ఉంది. పాటలు పాడుతున్నారు. నీ కారు వచ్చింది. "పుట్నాలు వచ్చిందే" అని ఎవరో అన్నారు, అంతే, పెట్టె చుట్టూ ఉన్నవాళ్లలో సగం మంది అటు తిరిగారు. పోరగాళ్లు ప్రహరీ ఎక్కారు. ఒకడు "మేడం, ఒక్కసారి డైలాగు చెప్పున్రి, పిల్లలు అడుగుతున్నరు" అన్నాడు. నువ్వు తల వంచుకుని, మెల్లగానే, కానీ అన్నావు. "నాన్నా, నా పుట్నాలేవి?" మూతి విరిచి. నా నాన్న పెట్టెకు అయిదడుగుల దూరంలో.

సరిగ్గా అప్పుడే అవ్వ నోరు తెరిచింది. మొదటి 'ఓ' వచ్చింది. నీ మీద ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారి ఆమె మీదికి తిరిగాయి. నాకు కళ్ల ముందు కనబడింది, పొద్దుగూకే లోపల మా అవ్వ తెరిచిన నోరు జిల్లా మొత్తం తిరుగుతుంది, కింద ఎవడో పాట పెడతాడు, పక్కన నీ ఫోటో. అందుకే చెయ్యి అడ్డం పెట్టాను. ఆమె పన్ను దిగి నా అరచేయి చిట్లింది. నా వైపు చూసింది. అర్థమైందనుకున్నాను.

అర్థం కాలేదని నీ ఉత్తరం చదివాక తెలిసింది. ఈరోజు షెడ్డుకు సెలవు, నేరుగా ఇంటికి వచ్చాను. నీ ఉత్తరం మొత్తం అవ్వకు చదివి వినిపించాను. ఒట్టు నువ్వే తీసేశావు కాబట్టి ఆమె కూడా దాయలేదు. నేను ఫోన్ల సంగతి చెప్పాను.

"ఏ ఫోన్లే?" అంది.

"గోడ మీద పోరగాండ్లు, అందరి చేతులల్ల ఉండె. నువ్వు జూడలేదా?"

"నేను మీ బాపును జూస్తున్న. ఫోన్లు నేనెందుకు జూస్త."

బీడీ ఆకు కత్తిరించింది. తర్వాత "నేను నీకు నామోషి అయిన్ననుకున్ననే" అంది.

"అడుగకపోతివి."

"నువ్వు చెప్పకపోతివి." నా చెయ్యి లాక్కుని అరచేతిలో మచ్చ చూసింది. "గింత దిగిందా నా పన్ను. పిస్సదాన, గుంజుకోకపోయినవ్." అని నా నెత్తి మీద ఒకటి వేసింది.

ఒట్టు సంగతి నేను తలకిందులు చేశాను. అది నా తప్పే. చీర మీద అన్న మాట వాపసు తీసుకుంటాను. చీరను తీసుకోను.

ఇక నీ సంగతి. బిస్కట్ పాకెట్ గురించి చదివాక, చిన్నమ్మ ముఖం ఇకమీద ఎలా చూడాలో తెలియడం లేదు. చిన్నపిల్లకు తల్లి చచ్చిందని చెప్పి, ఏడిస్తే చప్పట్లు కొట్టారు. ముండమోసినదాని ఏడుపు ఆపకుండా కెమెరా తిప్పి, తర్వాత ఆ గొంతు కోసుకుపోయారు. చేతులు అవే. అప్పుడు నువ్వు బలికి తెచ్చిన మేకవు. ఇప్పుడు మేకను తోలుకొచ్చినదానివి. తోలుకొచ్చి, దాని మెడ కూడా నువ్వే పట్టుకున్నావు. నాకు నీ మీద జాలి రావడం లేదా అంటే వస్తోంది. జాలి వచ్చినంత మాత్రాన అసహ్యం పోదు. రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి.

నీ సినిమాలు పోతాయంటున్నావు. పోవచ్చు. కానీ ఒకటి ఆలోచించు. ఆ రెండు సినిమాల్లో కూడా ఏడవాల్సి వస్తుంది. అప్పుడు ఎవరిని తెస్తావు? ఊర్లో ఇంకా ఎంతమంది ముండమోశారో కనుక్కుంటావా? అరువు ఏడుపు మీద నిలబడ్డది నటి కాదు. అది పుట్నాలే, చీర కట్టుకున్న పుట్నాలు.

సినిమాలో నీ పేరు వేయమనాలా అవ్వా అని అడిగాను.

"నా పేరెందుకే" అంది. "నాకోసం ఏడ్సిన్నా నేను? అది మీ బాపు సొమ్ము. ఎయ్యమంటె ఆయన పేరెయ్యమను. బతికినన్నొద్దులు డబ్బాల మీద వేరేటోల్ల పేర్లే మోసె."

నేను అంత మంచిదాన్ని కాదు. నేను ఇద్దరి పేర్లూ అడుగుతున్నాను. ఫోన్లలోకి రాకముందే ఆ సినిమాలో చేర్పించు, 'ఈ శోకం మేడిపల్లి హమాలీ దావీదుది, తీసింది ఆయన భార్య సారక్క' అని. అదే మాట కోరుట్ల స్టేజీ మీద నీ నోటితో చెప్పు. అంతకు ముందు గాని, ఆ తర్వాత గాని ఎవరు బతిమాలినా పుట్నాల మాట అనకు. మా బాపు పెట్టె ముందు అన్నదే ఆఖరిది కావాలి.

మీరు సినిమాలో పెట్టుకున్నది రెండు మూడు నిమిషాలు. అవ్వ చాలాసేపు ఏడ్చిందని నువ్వే రాశావు. బాపు గురించి ఆమె ఇంకా ఏమేమి అన్నదో ముస్తాబాద్‌లో కూలికి వచ్చిన జలపతి విన్నాడు, లైట్లు మోసేవాళ్లు విన్నారు, నేను వినలేదు. మొత్తం నాకు కావాలి. మే తొమ్మిదిన బాపుకు ఏడాది. ఆ రోజు చందు లేకుండా, కారు ఊరి బయట ఆపి, నడిచి రా. రికార్డు పట్టుకొని రా. ముగ్గురం సమాధి దగ్గర కూర్చుని విందాం. నీకు ఏడుపు వస్తే అవ్వ మెడ పట్టుకుంటానంది, ఆ మాట ఆమెదే, నాది కాదు. పక్కకు మాత్రం చూడకు. అక్కడ బిస్కట్ పాకెట్ పట్టుకొని ఎవరూ ఉండరు.

ఇగ మన మాటల చెప్తున్న, కోసుకపోతె కోసుకపో. బాపు పేరు ఏస్తవా, ఎయ్యవా? ఇరవై అయిదు తారీకు శుక్రారం, పోస్టు అచ్చే యాల్లకు జవాబు నా చేతుల వడాలె. వడకపోతె ఆదివారం కోరుట్లల ముందు వరుసల కూసునేది అవ్వ, నేనే. నీకు శాలువ కప్పేటప్పుడు అవ్వ నోరు తెరుస్తది. ఈసారి అడ్డం వెట్టుటానికి నా చెయ్యి లేవదు.

ప్రీతి